బ్రాంచ్ పేర్లు, ట్యాగులు: అందరూ ఒకసారి చదవండబ్బా

నిన్న రేణిగుంట నుంచి వస్తా బస్సులో మన రిపో (గిట్ అనే, కోడ్ మార్పుల లెక్క పెట్టే సాధనంలో మన కోడ్ ఉండే చోటు) తెరిచి, బ్రాంచ్‌ల (ఒక్కో పనికి విడిగా తీసిన కోడ్ పాయల) పేర్లు చూస్తి. 'కొత్తది', 'కొత్తది2', 'ఫైనల్', 'అసలు-ఫైనల్'. ఏది ఎవరిదో పెట్టినోళ్లకైనా గుర్తుందా?

ఇకమీదట బ్రాంచ్ పేరులో పని రకం, టికెట్ (పని చీటీ) నంబరు, రెండు మాటల్లో విషయం ఉండాల. ఫిక్స్/142-ఓటీపీ-ఆలస్యం, ఇట్లా. ఇక్కడ తెలుగులో రాసినా, అసలు పేరులో అన్నీ చిన్న ఇంగ్లీషు అక్షరాలే. ఇది నా చాదస్తం కాదు. విండోస్, మ్యాక్ మామూలుగా ఫైల్ పేర్లలో చిన్నా పెద్దా తేడా చూడవు, ఆ తేడా ఒక్కటే ఉన్న రెండు బ్రాంచ్‌లు కొట్టుకుంటాయి. ఖాళీ, కోలన్, ప్రశ్నార్థకం, పక్కపక్కన రెండు చుక్కలు గిట్ తానే ఒప్పుకోదు.

ఉత్త 'ఫిక్స్' అని మాత్రం పెట్టొద్దండి. అది ఉంటే 'ఫిక్స్/142' పుట్టదు. గిట్ లోపల ఒకే పేరు ఫైలూ ఫోల్డరూ రెండూ కాలేదు. పోయిన వారం మన తమ్ముడొకడు గంటసేపు తల పట్టుకున్నది దీనికే.

ట్యాగ్ (కోడ్‌లో ఒక చోట వేసే పేరు గుర్తు) రిలీజ్‌కే, అంటే బయటికి విడుదల చేసే కూర్పుకే, వి1.4.0 తీరులో. ట్యాగ్ ఆదేశంలో 'హైఫన్ ఏ' (-a) పెట్టి వేస్తే ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేసిందీ నిలుస్తుంది. మామూలు పుష్‌తో (మన మార్పులు సర్వరుకు పంపే ఆదేశంతో) ట్యాగ్ పోదు, విడిగా పంపాల. పంపినాక జరపొద్దు: ముందే తెచ్చుకున్నోళ్ల దగ్గర పాతదే ఉండిపోతుంది. తప్పు దొర్లితే వి1.4.1 వేయండి, నంబర్లకేం కరువు? బ్రాంచ్‌కు పెట్టిన పేరే ట్యాగ్‌కూ పెట్టొద్దు, గిట్ తికమక పడుతుంది.

పాతవాటిలో మీవి ఏవో శుక్రవారం లోపల చెప్పండి. శనివారం కొండకు పోతుండా. ఆదివారం పొద్దున మిగిలినవి తుడిచేస్తా.