ఎర్రర్ రాని తప్పులు: అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. సార్వా నాట్లు అయిపోయాయి. నాన్నగారు పొద్దస్తమానం చేలోనే ఉంటున్నారు.

గోదావరి నీటి లెక్కల కోసం నువ్వు రాసి పంపిన పైథాన్ ప్రోగ్రామ్ మొత్తం చదివాను. "ఎర్రర్ ఏమీ రావట్లేదమ్మా, జవాబే ఎక్కడో తేడా కొడుతోంది" అన్నావు కదా. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను. పక్కన ల్యాప్‌టాప్ తెరుచుకుని చదువు.

నమ్‌పై, అంటే పైథాన్‌లో అంకెల పట్టీల మీద లెక్కలు వేగంగా చేసే లైబ్రరీ, ఎర్ర అక్షరాలతో ఆగిపోయిందంటే నాకు దిగులుండదు. తప్పు ఎక్కడ జరిగిందో చూపే ఆ ట్రేస్‌బ్యాక్‌లో చివరి లైను చదివి, అక్కణ్ణుంచి పైకి వెళ్తూ మనం రాసిన లైను ఎక్కడుందో చూస్తే చాలా వరకు తేలిపోతుంది. నోరు మెదపకుండా తప్పు లెక్క ఇచ్చినప్పుడే దిగులు. నీకొచ్చింది ఆ రకమే.

ధవళేశ్వరం బ్యారేజీ రోజువారీ విడుదల క్యూసెక్కుల్లో, అంటే సెకనుకి ఇన్ని ఘనపుటడుగులని తీసుకున్నావు. రోజుకి 86,400 సెకన్లు కాబట్టి దాంతో గుణించావు, వంద కోట్లతో భాగించి టీఎంసీలు (వంద కోట్ల ఘనపుటడుగులు ఒక టీఎంసీ) చేశావు. పద్ధతిలో వంక పెట్టడానికేం లేదు. కానీ ఆ అర్రే (అంకెల పట్టీ) డీటైప్, అంటే అందులో అంకెలు ఏ రకమో, ప్రింట్ చేసి చూడు, ఇంట్32 అని వస్తుంది, 32 బిట్ల పూర్ణాంకమని. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. దాన్ని 86,400తో భాగిస్తే 24,855. అంటే విడుదల పాతిక వేల క్యూసెక్కులకి రాకుండానే లెక్క పొర్లిపోతుందన్నమాట. గోదావరికి పాతిక వేలు ఏ మూలకి? ధవళేశ్వరంలో మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసేదే పది లక్షల దగ్గర.

ఆ పది లక్షల రోజునే కాగితం మీద వెయ్యి. 86.4 టీఎంసీలు రావాలి. నీ ప్రోగ్రామ్ ఇచ్చింది 50,06,54,080 ఘనపుటడుగులు, అంటే అర టీఎంసీ. 32 బిట్లలో పట్టని భాగం పైనుంచి తెగిపోయి, మిగిలిన తోక నీ చేతికొచ్చింది. మైనస్ సంఖ్య వచ్చిన రోజుల్ని నువ్వే పట్టుకున్నావు. ఇలా ప్లస్‌లో, ఒద్దికగా కూర్చున్న తప్పుని ఎవరు పట్టుకుంటారు? అర్రేలో పూర్ణాంకాలు పొర్లితే నమ్‌పై హెచ్చరిక కూడా ఇవ్వదు. లోపల లూప్ అంతా సీ భాషలో పరిగెడుతుంది. ప్రతి గుణకారం దగ్గరా ఆగి సరిచూస్తే ఆ వేగం ఉండదు. ఆ వేగం కోసమేగా మనం నమ్‌పై దగ్గరికి వెళ్లింది, కాబట్టి సరిచూసే పూచీ మనదే.

నీ స్నేహితురాలి కంప్యూటర్లో ఇదే ప్రోగ్రామ్ సరిగ్గా నడిచిందని తికమక పడ్డావు. తనది లినక్స్, నీది విండోస్. పాత నమ్‌పైలో విండోస్ మీద పూర్ణాంకం అంటే మామూలుగా 32 బిట్లే, లినక్స్ మీద 64. 2024 జూన్‌లో వచ్చిన 2.0 నుంచి 64 బిట్ల విండోస్‌లో కూడా 64 అయింది. ముందు నీ వెర్షన్ చూసుకో. కొత్తది వేసుకున్నా, డేటా ఇంట్32గానే సేవ్ అయి ఉంటే కథ మళ్లీ మొదటికే వస్తుంది. అందుకని గుణించక ముందే, రకం మార్చే యాస్‌టైప్‌తో ఫ్లోట్64 (64 బిట్ల దశాంశ సంఖ్య) చెయ్యి. గుణించాక మారిస్తే తెగిపోయింది తిరిగి రాదు.

దీని మీద ఇంత సేపు ఎందుకు నిలబడ్డానో నీకు తెలుసు. ధవళేశ్వరం అంకె వినే లంకల్లో వాళ్లు పశువుల్ని గట్టుకి తోలుకొస్తారు. కనకాయలంక కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. ఇవాళ నీది ప్రాజెక్టే, కానీ రేపు నీ లెక్క చూసి ఎవరో ఒక నిర్ణయం తీసుకుంటారు.

రెండోది షేపులు, అంటే అర్రేలో వరుసలెన్ని, నిలువు గడులెన్ని అని చెప్పే కొలతలు. భద్రాచలం అంకెలు (365, 1)గా, ఒక్క నిలువు పట్టీలా వచ్చాయి, ధవళేశ్వరం అంకెలు (365,)గా, ఒట్టి జాబితాలా. రెండూ తీసివేశావు. నమ్‌పై షేపుల్ని కుడివైపు నుంచి పోలుస్తుంది. సమానమైతే సరే, ఒకటి ఉన్నచోట సాగదీస్తుంది. అలా సాగి నీకు 365 చొప్పున 365 వరుసలొచ్చాయి, అంటే 1,33,225 తేడాలు. జనవరి ఒకటిని ఏడాదిలోని అన్ని రోజులతోనూ పోల్చావు! ఆ వెంటనే వర్గాల సగటు తీసేశావు కాబట్టి చివరికి ఒక్క అంకే మిగిలింది, లోపల జరిగింది కనపడలేదు. తీసివేత ముందు రావెల్ పెట్టు, అది నిలువు పట్టీని ఒట్టి జాబితా చేస్తుంది. ఆ కింద లైనులో రెండు షేపులూ ఒకటేనని అసర్ట్ రాయి, కాకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది.

ఖాళీ రోజుల సంగతి ఇంకొంచెం ఆలోచించాల్సింది. భద్రాచలం ఫైల్లో గేజి (నీటిమట్టం కొలబద్ద) చదవని రోజుల్ని -999 అని పెట్టారు. నువ్వు వాటిని నాన్, అంటే 'అంకె లేదు' అనే గుర్తు చేశావు, బాగుంది. తర్వాత మొత్తం కట్టడానికి నాన్‌సమ్ వాడావు. అది ఖాళీని సున్నా కింద జమ కడుతుంది. వరద ఉధృతంగా ఉన్న రోజే రీడింగ్ లేకపోతే ఆ ఒక్క రోజుతో పదుల టీఎంసీలు ఎగిరిపోతాయి. మొత్తం చెప్పేటప్పుడు ఎన్ని రోజులు ఖాళీయో, ఏ నెలలోవో పక్కనే చెప్పు. అది లేని మొత్తాన్ని నేనైతే ఒప్పుకోను.

ఇంకో ఫైల్లో అంకెలు "10,00,000" అని మన కామాలతో ఉన్నాయి. కోట్‌లు కూడా లేవు. కామా దగ్గర విడగొట్టమంటే అది మూడు గడులవుతుంది. దాన్ని ప్రోగ్రామ్‌లో సర్దడం కంటే ఆ ఫైలు ఇచ్చినవాళ్లని ట్యాబ్‌తో విడగొట్టి మళ్లీ ఇమ్మని అడగడం మేలు.

ఆ భద్రాచలం అర్రేలో (నాన్‌లు ఉన్నాయి కాబట్టి అది ఫ్లోటే) వరద నెలల ముక్క తీసి దాన్ని 0.0283తో అక్కడికక్కడే గుణించావు, క్యూమెక్కుల (సెకనుకి ఘనపు మీటర్లు) కోసం. ముక్క కోస్తే కొత్త అర్రే రాదు, అసలు దాని మీదే కిటికీ. అందుకే కింద వార్షిక మొత్తం పాడైంది. కాపీ అని రాసి తీసుకో.

ఇవన్నీ సర్దాక పెద్ద ఫైలు మీదకి వెంటనే దూకకు. మూడు రోజుల అర్రే చేత్తో రాయి: పది లక్షలు, పదమూడు లక్షలు, ఒక నాన్. జవాబు ముందే కాగితం మీద వేసుకుని, అప్పుడు నడుపు. తర్వాత అసలు డేటాలో గరిష్ఠం చూడు. 1986 ఆగస్టు వరద 35 లక్షల పైచిలుకు. నీ అర్రేలో మాక్స్ అంతకు మించి ఉంటే గోదావరిని అనుమానించకు, ఫైలుని అనుమానించు.

అప్పటికీ కుదరకపోతే నాకు పంపు. స్క్రీన్ ఫొటోలు వద్దు, నేను నడిపి చూడాలి. తప్పు కనిపించేంత చిన్న ముక్క, మొదటి ఇరవై వరుసలు, షేపు, డీటైపు, నమ్‌పై వెర్షన్. ట్రేస్‌బ్యాక్ ఉంటే మొత్తం. నువ్వు ఏ జవాబు అనుకున్నావో, ఎందుకు అనుకున్నావో కూడా రాయి. నాకు అన్నిటికంటే ముందు కావలసింది అదే.

మీ అమ్మ