1962లో ఓటేసినవాళ్లను తప్పుపట్టకు రమణా

తిరుపతి,
ఆదివారం.

ప్రియమైన రమణకు,

నీ ఉత్తరం అందింది. అమ్మాయి ఉద్యోగంలో చేరిందని చదివి ఇంట్లో అందరం సంతోషించాం. చెల్లెమ్మకు మా మాటగా చెప్పు. ఇక్కడ ఈసారి వానలు బాగా పడ్డాయి. కపిలతీర్థంలో నీళ్లు దూకుతుంటే చూడడానికి ఊరంతా అక్కడే ఉంటోంది.

ఇక 1962 ఎన్నికల గురించి, ఆ అక్టోబరులో వచ్చిన చైనా యుద్ధం గురించి నీ ఉత్తరం చివర రాసిన మాట. "చైనా గుమ్మంలో నిలబడి ఉంటే కృష్ణమేనన్‌ను గెలిపించిన జనానికి ఓటు విలువ ఏం తెలుసు?" అని అడిగావు. నాకు కోపం వచ్చింది. మేనన్ అప్పటి రక్షణ మంత్రి, నిజమే. కానీ ఆ ఏడాది ఓటేసిన జనంలో మా అవ్వ ఉంది, మీ నాన్నగారు ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

1962 ఫిబ్రవరిలో మన పెద్దలు ఓటేసిన తీరు చూడు. అంతకుముందు రెండు సార్లు ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. కాగితం మీద గుర్తు పక్కన ముద్ర వేసే పద్ధతి ఆ ఏడాదే దేశంలో విస్తృతంగా వచ్చింది. వేలికి మైసూరు సిరా పెట్టడం కూడా అప్పుడే మొదలైంది. మన చిత్తూరు లోక్‌సభ స్థానంలో గెలిచింది కాంగ్రెసు కాడెద్దుల గుర్తు మీద నిలబడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగారు. మన తిరుచానూరులో పుట్టిన మనిషి, అప్పటికి లోక్‌సభ స్పీకరు. కొద్ది నెలల్లోనే ఆయన బీహారు గవర్నరుగా వెళ్లారు. ఉప ఎన్నిక వస్తే అదే చిత్తూరు అదే ఏడాది స్వతంత్ర పార్టీ అధ్యక్షుడు ఎన్.జి. రంగాను గెలిపించి ఢిల్లీకి పంపింది. కాడెద్దులను ఎన్నుకున్న చోటే ఆ పార్టీ నక్షత్రం గుర్తూ గెలిచింది. కళ్లు మూసుకుని ముద్ర వేసే జనం చేసే పనేనా ఇది?

మా అవ్వ ఆ ఎన్నిక గురించి చెప్పినప్పుడల్లా చేదబావి మాటే ముందు వచ్చేది. తర్వాత నెహ్రూ పేరు. చైనా పేరు ఆమె నోట ఆ సందర్భంలో నేను వినలేదు. అక్టోబరు చివర రేడియోలో యుద్ధం వార్తలు వచ్చాక మాత్రం తన చెవికమ్మలు తీసి రక్షణ నిధికి ఇచ్చేసింది. మళ్లీ చేయించుకోలేదు. ఓటు వేసినప్పుడు ఎవరూ తనను అడగని విషయానికి ఆమె ఆ తర్వాత బంగారం ఇచ్చింది. నీ ప్రశ్న చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

జనానికి ఏమీ తెలియదని నేననడం లేదు. లడఖ్‌లో మనదని మనం చెప్పే అక్సాయ్ చిన్ మీదుగా చైనా రోడ్డు 1957కే పూర్తయినా, ఆ సంగతి మన పార్లమెంటుకు చెప్పింది 1959 ఆగస్టులో. అదే ఏడాది అక్టోబరు 21న లడఖ్‌లో మన పోలీసులు చైనా కాల్పుల్లో చనిపోయారు. 1960 ఏప్రిల్‌లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి, మాటలు కుదరక వెళ్లిపోయాడు. ఇవన్నీ పత్రికల్లో వచ్చాయి. తగాదా ఉందని చదువుకున్నవాళ్లకు తెలుసు. తెలియనిది సైన్యం పరిస్థితి. సరిహద్దులో ముందుకు వెళ్లి చిన్న చిన్న స్థావరాలు పెట్టాలని 1961 నవంబరులో ప్రభుత్వం నిర్ణయించింది. చైనా బలప్రయోగం చేయదన్న నమ్మకం మీద తీసుకున్న నిర్ణయం అది. ఆ చలికి తగిన బట్టలు, వెనక నుంచి సామాను అందే దారి, సరిపడా తుపాకులు ఆ స్థావరాలకు లేవు. ఫిబ్రవరిలో వరుసలో నిలబడ్డ ఏ ఓటరుకు ఈ మాట చెప్పారు?

ప్రతిపక్ష నాయకుడు కృపలానీ చెప్పలేదా అంటావు. చెప్పారు. 1961 ఏప్రిల్‌లో లోక్‌సభలో రక్షణ మంత్రి మేనన్‌ను ఆయన కడిగేశారు. సైన్యంలో పదోన్నతులు చెడిపోయాయని, ఒక్క దెబ్బ కొట్టకుండా భూమి పోగొట్టుకున్నామని అన్నారు. ఆ పట్టుదలతోనే ఉత్తర బొంబాయిలో మేనన్ మీద నిలబడ్డారు. కాంగ్రెసుకు ఒకప్పుడు అధ్యక్షుడిగా చేసిన మనిషి, గాంధీ వెంట నడిచిన మనిషి. అయినా మేనన్‌కు దాదాపు రెట్టింపు ఓట్లు వచ్చాయి. ఎందుకు వచ్చాయో ఆలోచించు. రెండు నెలల ముందు, 1961 డిసెంబరులో, సైన్యం రెండు రోజుల్లోపే గోవాను పోర్చుగీసుల నుంచి విడిపించింది. మేనన్ తరఫున నెహ్రూ స్వయంగా ప్రచారం చేశారు. ఒకవైపు ఫైళ్లన్నీ చేతిలో ఉన్న మంత్రి, అంతా సవ్యంగా ఉందంటున్నాడు. ఇంకోవైపు ఫైలు చూసే అధికారం లేని ప్రతిపక్ష నాయకుడు, లేదంటున్నాడు. మధ్యలో నిన్నగాక మొన్న వచ్చిన గెలుపు. బొంబాయి ఓటరు స్థానంలో నువ్వున్నా నేనున్నా ఏం చేసేవాళ్లం? నాకైతే ఆ ఓటరు మీద నింద వేయడానికి మనసు రాదు.

అక్టోబరు 20 తెల్లవారుజామున ఈశాన్య సరిహద్దులో నమ్‌కా చూ వాగు దగ్గర చైనా సేనలు మన బ్రిగేడు మీద పడ్డాయి. నెల రోజుల్లో ఈశాన్యంలో తేజ్‌పూరు ఖాళీ అయింది. నవంబరు 21న చైనా తనంతట తాను కాల్పులు ఆపేసింది. అప్పటికే మేనన్ మంత్రివర్గం నుంచి వెళ్లిపోయారు.

ఆ తర్వాత జరిగింది నువ్వు మర్చిపోయావు. అదే నాకు అన్నిటికంటే ముఖ్యం. 1963 మేలో ఉప ఎన్నికలు వచ్చాయి. అమ్రోహాలో కృపలానీ, ఫరూఖాబాద్‌లో లోహియా, రాజ్‌కోట్‌లో మీనూ మసానీ గెలిచారు. ముగ్గురూ ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసినవాళ్లే. ఆ ఆగస్టులో కృపలానీ నెహ్రూ ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం పెట్టారు. స్వతంత్ర భారత పార్లమెంటులో అదే మొదటిది. ఓడిపోతుందని అందరికీ తెలుసు, ఓడిపోయింది కూడా. కానీ దేశం అడగాల్సిన ప్రశ్నలన్నీ సభలో అడిగే అవకాశం దొరికింది. 1967లో కాంగ్రెసు టికెట్టు దక్కక మేనన్ బొంబాయిలో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడితే జనం ఓడించారు. నిజం తెలిసిన తర్వాత అదే జనం తీర్పు మార్చుకున్నారు రమణా! ఓటు విలువ తెలియనివాళ్లయితే మార్చుకునేవారా?

నువ్వు అమెరికా ఉదాహరణ ఇచ్చావు కాబట్టి దాని గురించీ రెండు మాటలు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, 1916 నవంబరులో అమెరికా అధ్యక్షుడు విల్సన్ "మనల్ని యుద్ధానికి దూరంగా ఉంచిన నాయకుడు" అన్న ప్రచారంతో గెలిచాడు. కాలిఫోర్నియాలో నాలుగు వేల కంటే తక్కువ ఓట్ల తేడాతో బయటపడ్డాడు. 1917 ఏప్రిల్ 6న అమెరికా యుద్ధం ప్రకటించింది. ఓటర్లను మోసం చేశాడని నువ్వంటావు. నేను పూర్తిగా ఒప్పుకోను. ఎన్నికలయ్యాక, ఫిబ్రవరి నుంచి, ఎవరి ఓడ కనిపించినా ముంచేస్తామని జర్మనీ నిర్ణయించుకుంది. కాలిఫోర్నియా రైతు వేసిన ఓటుకు జర్మనీ జలాంతర్గామి కట్టుబడి ఉండదు కదా. ఆ ఎన్నికల్లోనే తొలిసారి ఒక స్త్రీ, జానెట్ రాంకిన్, అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికైంది. చేరిన కొద్ది రోజులకే యుద్ధం వద్దని ఓటేసింది. ఆమెతో కలిపి యాభై మంది వద్దన్నారు. తనను పంపినవాళ్లకు ఇచ్చిన మాట మీద నిలబడిన ఆ మనిషంటే నాకు గొప్ప గౌరవం.

ఓటరు మాట స్పష్టంగా ఉండి కూడా యుద్ధం రావడం చూడాలంటే పాకిస్తాన్ చూడు. 1970 డిసెంబరు 7న అక్కడ వయోజన ఓటుతో తొలి సార్వత్రిక ఎన్నికలు. అంతకు నెల ముందే తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) తీరాన్ని భోలా తుఫాను తుడిచిపెట్టి లక్షల మందిని పొట్టనపెట్టుకుంది. ఇస్లామాబాద్ సరిగా ఆదుకోలేదన్న కడుపుమంటతో తూర్పు జనం ఓటేశారు. అక్కడి 162 స్థానాల్లో 160 ముజిబుర్ రహమాన్ అవామీ లీగ్‌కు వచ్చాయి. దేశం మొత్తంలో ఆధిక్యం ఆయనదే. పశ్చిమాన గెలిచిన భుట్టో, పాలిస్తున్న యాహ్యా ఖాన్ ఇద్దరూ దాన్ని ఒప్పుకోలేదు. 1971 మార్చి 3న జరగాల్సిన సభను యాహ్యా ఖాన్ వాయిదా వేశాడు. మార్చి 25 రాత్రి ఢాకా మీద సైన్యాన్ని వదిలాడు. అక్కడి ఓటరు ఏ తప్పు చేశాడు చెప్పు? ఇంతకంటే తేటగా ఇంకెలా చెప్పాలి?

అదే మార్చిలో, మొదటి పది రోజుల్లో, మన దగ్గర మధ్యంతర ఎన్నికలు. ఆవు-దూడ గుర్తు, 'గరీబీ హటావో' నినాదం. ఇందిరా గాంధీ పార్టీకి 352 స్థానాలు వచ్చాయి. పేదరికం పోగొడతామన్న మాటకు పడిన ఓట్లవి. కొద్ది రోజులకే ఢాకా తగలబడింది, కోటి మంది దాకా శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. డిసెంబరు 3న యుద్ధం, 16న ఢాకాలో లొంగుబాటు. ఆ నెలల మధ్య ప్రభుత్వం తొందరపడలేదు. సైన్యానికి సిద్ధమయ్యే సమయం ఇచ్చింది, ఆగస్టులో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. 1962లోనూ 1971లోనూ ఓటేసినవాళ్లు యుద్ధం కోసం ఓటేయలేదు. తేడా అంతా గెలిచి కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎలా సిద్ధమయ్యారన్న దాంట్లోనే ఉంది.

నింద వేయాలంటే ఫైళ్లు చూసినవాళ్ల మీద వెయ్యి. 1962 ఓటమి మీద సైన్యం చేయించిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఏ ప్రభుత్వమూ ఇంతవరకు అధికారికంగా బయటపెట్టలేదు. అన్ని పార్టీలూ మారి మారి పాలించాయి, ఎవరూ ఇవ్వలేదు. కమ్మలు ఇచ్చిన మా అవ్వకు ఆ కాగితాలు చదివి వినిపించే రోజు రాకుండానే ఆమె పోయింది. దీని మీద నువ్వు కోపంగా ఒక ఉత్తరం రాస్తే నేనూ కింద సంతకం పెడతాను.

ఇంకో పని ఉంది నీతో. 1971 డిసెంబరులో పాకిస్తాన్ ఘాజీ జలాంతర్గామి మీ విశాఖ తీరంలోనే మునిగింది. మీ మామగారు అప్పుడు ఓడరేవులో పని చేశారని చెప్పేవాడివి. ఆ మార్చిలో ఆయన దేన్ని మనసులో పెట్టుకుని ఓటేశారో, డిసెంబరు రాత్రుల్లో దీపాలు ఆర్పి కూర్చున్నప్పుడు ఆ ఓటు గురించి ఏమనుకున్నారో అడిగి ఆయన మాటల్లోనే రాసి పంపు. వయసు మీద పడుతోంది కదా, ఆలస్యం చేయకు. నా వాదనలో ఎక్కడైనా తప్పు కనిపిస్తే అది కూడా అదే ఉత్తరంలో రాయి.

నీ
మునిరత్నం