కౌంటర్ వెనక గోడ సానియాకి, ఒక నిర్ణయం మన అండర్-14 అమ్మాయిలకి

మా స్పోర్ట్స్ షాపులో కౌంటర్ వెనక ఉన్న షూ ర్యాకులు తీసేసి గోడకి తెల్ల రంగు వేయించినప్పటి నుంచీ వచ్చినవాళ్లంతా అక్కడ ఏం పెడుతున్నారని అడుగుతున్నారు. టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా కెరీర్ పెడుతున్నాం. ఫొటోలు కాదు, పెయింటర్ చేత రాయిస్తున్నాం: ఏ సంవత్సరం, ఏ టోర్నమెంట్, పక్కన ఎవరు ఆడారు, అంతే. ఫొటోల మీద మనకి హక్కుల్లేవు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. ఆమె పేరుతో టీషర్ట్ గానీ క్యాప్ గానీ అమ్మేది లేదు. ఆమెకి గానీ ఆమె అకాడమీకి గానీ మా షాపుతో ఏ సంబంధమూ లేదు, ఇది మేం సొంతంగా, అభిమానంతో చేసుకుంటున్న పని. ముందే చెప్తున్నాను, ఎవరూ వేరేగా అనుకోకూడదని.

ఆమె పుట్టింది ముంబైలో కదా, మన ఊరమ్మాయి ఎలా అవుతుందని ఒక కస్టమర్ అడిగారు. పుట్టింది అక్కడే, నిజమే. కానీ ఆరేళ్లకి రాకెట్ పట్టుకుంది హైదరాబాద్‌లో, చదువుకుంది ఇక్కడ, నాన్న ఇమ్రాన్ మీర్జా దగ్గర ఆట నేర్చుకుంది ఇక్కడ. 2005 ఫిబ్రవరిలో అల్యోనా బొండారెంకోని ఫైనల్లో ఓడించి, డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ అయింది కూడా ఇక్కడి హైదరాబాద్ ఓపెన్‌లోనే. దానికి కొద్ది వారాల ముందే ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్‌లో సెరెనా విలియమ్స్‌తో ఆడి వచ్చింది, అప్పటికి వయసు పద్దెనిమిది. ఆ ఏడాది నుంచి మన కాలనీల్లో అమ్మాయిలు రాకెట్ కావాలని అడగడం మొదలైంది, మాలాంటి షాపుల్లో చిన్న సైజు రాకెట్లు అలమరా అడుగున కాకుండా ముందు వరసలోకి వచ్చాయి. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు ఎవరినడిగినా ఇదే చెప్తారు.

ఇక గోడ మధ్యలో ఏం రావాలన్న దాని మీద షాపులోనే పెద్ద చర్చ జరిగింది. 2005 టైటిల్ పెద్దక్షరాల్లో ఉండాలని కొందరు, 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకు వచ్చింది కదా అది ఉండాలని కొందరు. నేను మాత్రం డబుల్సే మధ్యలో ఉండాలని పట్టుబట్టాను. "సింగిల్స్‌లో పైకి రాలేక డబుల్స్‌కి పోయింది" అనే మాట మన ఊళ్లోనే చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ బాధేసింది. 2008లో ఆమె మణికట్టుకి ఆపరేషన్ అయింది, మోకాళ్లూ ఇబ్బంది పెట్టాయి, అయినా ఇంకా కొన్నేళ్లు సింగిల్స్ ఆడింది. ఆ తర్వాత పూర్తిగా డబుల్స్ మీద దృష్టి పెట్టి, 2015 ఏప్రిల్ 13న ప్రపంచ నంబర్ వన్ అయింది. మొత్తం 91 వారాలు ఆ స్థానంలో ఉంది. డబుల్స్‌లో 43 డబ్ల్యూటీఏ టైటిళ్లు. ఆరు గ్రాండ్ స్లామ్‌లు, అంటే టెన్నిస్‌లో అతి పెద్ద నాలుగు టోర్నమెంట్ల టైటిళ్లు: మిక్స్‌డ్‌లో (ఒక మగ, ఒక ఆడ కలిసి ఆడే డబుల్స్) మహేష్ భూపతితో 2009 ఆస్ట్రేలియన్, 2012 ఫ్రెంచ్, బ్రూనో సోరెస్‌తో 2014 యూఎస్, మహిళల డబుల్స్‌లో మార్టినా హింగిస్‌తో 2015 వింబుల్డన్, అదే ఏడాది యూఎస్, 2016 ఆస్ట్రేలియన్. హింగిస్‌తో కలిసి వరుసగా 41 మ్యాచ్‌లు ఓడిపోకుండా ఆడింది. ఇది సెకండ్ ఛాయిస్ కెరీర్ ఎలా అవుతుంది?

ఆ 2015 వింబుల్డన్ ఫైనల్ మళ్లీ ఒకసారి చూడండి, కుదిరితే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని. రష్యా జోడీ మకరోవా, వెస్నినా మీద మొదటి సెట్ 5-7తో పోయింది, రెండోది టైబ్రేక్‌లో వచ్చింది, మూడో సెట్‌లో 2-5తో వెనకబడ్డారు. అక్కడి నుంచి వరుసగా ఐదు గేములు తీసుకుని 7-5తో గెలిచారు. నెట్ దగ్గర హింగిస్ చేతులు ఎంత ముఖ్యమో, వెనక నుంచి సానియా ఫోర్‌హ్యాండ్ అంతే ముఖ్యం. డబుల్స్ అంటే కోర్టులో సగం పనే కదా అనుకునే పిల్లలకి ఆ ఒక్క సెట్ చాలు.

గోడ చివరి వరస 2020 నుంచి మొదలవుతుంది. 2018 అక్టోబర్‌లో బాబు పుట్టాక, 2020 జనవరిలో హోబర్ట్‌లో నదియా కిచెనోక్‌తో తిరిగి ఆడి, వచ్చిన మొదటి టోర్నమెంటే గెలిచింది. 2023లో రోహన్ బోపన్నతో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిక్స్‌డ్ ఫైనల్ దాకా వెళ్లింది, ఆ ఫిబ్రవరిలోనే దుబాయ్‌లో ప్రొఫెషనల్ ఆట ముగించింది. మార్చి 5న మన ఎల్బీ స్టేడియంలో వీడ్కోలు మ్యాచ్ ఆడింది. అర్జున, పద్మశ్రీ, ఖేల్ రత్న, పద్మభూషణ్ అన్నీ కింద చిన్నక్షరాల్లో వస్తాయి, ఎందుకంటే ఈ గోడ మీద ఆటే కనబడాలని నా కోరిక.

ఇప్పుడు డబ్బుల సంగతి. గోడ ఒక్కటీ రాయించి ఊరుకుంటే నాకు తృప్తిగా లేదు, అందుకే వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి, టోర్నమెంట్లు ఆడే అండర్-14 అమ్మాయిలకి గట్టింగ్ (రాకెట్‌కి గట్, అంటే తీగలు బిగించడం) లేబర్ తీసుకోం. గట్ మాకు పడిన ధరకే ఇస్తాం, బిల్లు అడిగితే చూపిస్తాం. గట్ కూడా ఉచితంగా ఇవ్వొచ్చు కదా అంటారేమో, ఇవ్వలేను. మంచి గట్ అంతా దాదాపు బయటి దేశాల నుంచే వస్తుంది, డాలర్ పెరిగినప్పుడల్లా దాని రేటూ పెరుగుతుంది, మాలాంటి చిన్న షాపు ఆ భారం మోయలేదు. ఈ లేబర్ నష్టాన్ని షూలు, బ్యాగుల మీద వచ్చే లాభంలోంచి సర్దుకుంటాం. మిగతా కస్టమర్ల లేబర్ దీనికోసం ఒక్క రూపాయి కూడా పెంచను. ఒక అమ్మాయికి నెలకి రెండు రాకెట్ల దాకా. రద్దీ మరీ ఎక్కువైతే ఒకటికి తగ్గించాల్సి రావొచ్చు, తగ్గిస్తే ముందే చెప్తాను.

పేరెంట్స్‌కి ఒక విన్నపం. టీవీలో చూసి పదేళ్ల పిల్లకి కూడా పాలిస్టర్ గట్ వేయమంటున్నారు, అదీ టైట్‌గా. వద్దండీ. అది గట్టిగా ఉంటుంది, పెరిగే వయసులో ఆ దెబ్బ మోచేతి మీద, మణికట్టు మీద పడుతుంది. సింథటిక్ గట్ వేసుకోండి, టెన్షన్ (గట్ బిగింపు) యాభై పౌండ్లు దాటనివ్వకండి, గట్ తెగకపోయినా మెత్తబడ్డాక మార్పించండి. ఇందులో మాకు మిగిలేది తక్కువే, అయినా పిల్ల చెయ్యి బాగుండాలి. పాలిస్టరే కావాలని కోచ్ చెప్తే, ఆయనతో నన్ను ఫోన్లో మాట్లాడనివ్వండి.

సానియా తర్వాత ఎవరున్నారని కూడా అడుగుతుంటారు. శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి దేశం తరఫున బిల్లీ జీన్ కింగ్ కప్ (దేశాల మధ్య జరిగే మహిళల టీమ్ టెన్నిస్ పోటీ) ఆడారు, ఇద్దరూ మన తెలుగమ్మాయిలే. వాళ్ల మ్యాచ్‌లు ఉన్నప్పుడు షాపు టీవీలో క్రికెట్ ఆపి అవే పెడతాం, దయచేసి ఛానల్ మార్చమని అడగకండి.

మీలో ఎవరి దగ్గరైనా 2005 హైదరాబాద్ ఓపెన్ టికెట్ ముక్క గానీ, ఆనాటి తెలుగు పేపర్ కటింగ్ గానీ ఉంటే ఒకసారి తెచ్చి చూపించండి. తేదీలు, స్కోర్లు సరిచూసుకుని మీ ముందే తిరిగి ఇచ్చేస్తాను. పెయింటింగ్ జరిగే వారం రోజులూ షాపు మధ్యాహ్నం రెండింటికే తెరుస్తాం. ఆ వారంలో మ్యాచ్ ఉన్నవాళ్లు రాకెట్లు ముందు రోజు సాయంత్రమే ఇచ్చేయండి. అండర్-14 అమ్మాయిలైతే టోర్నమెంట్ ఎంట్రీ కాగితం ఒకటి ఫోన్లో చూపిస్తే చాలు, జిరాక్స్ అక్కర్లేదు.