మూడు నెలల కరాటే సరిపోదు

సంపాదకులకు,

అయ్యా,

సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదివే బాలికలకు ‘రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్’ పేరిట కరాటే వంటి ఆత్మరక్షణ విద్యల్లో మూడు నెలల శిక్షణ ఇస్తున్నారు. ఈ కార్యక్రమాన్ని మనసారా స్వాగతిస్తూనే, దాని గడువు గురించి, అందులో మగపిల్లలకు చోటు లేకపోవడం గురించి పాఠశాల విద్యాశాఖకు మీ పత్రిక ద్వారా విన్నవించదలిచాను.

కరాటేను బడిలోకి తెచ్చిన ఘనత జపాన్‌లోని ఒకినావా దీవికి చెందిన ఇటోసు అంకోది. ఆయన 1908లో రాసిన పది సూత్రాల లేఖలో, ఇది త్వరగా పట్టుబడే విద్య కాదనీ, నెమ్మదిగా నడిచే ఎద్దు కూడా చివరికి వెయ్యి ఆమడలు చేరినట్టు, రోజూ గంటో రెండు గంటలో శ్రద్ధగా సాధన చేస్తే మూడు నాలుగేళ్లకు దీని సారం తెలుస్తుందనీ చెప్పారు. ఆయన శిష్యుడు, స్వయంగా బడిపంతులైన గిచిన్ ఫునకోషి, కరాటే మర్యాదతో మొదలై మర్యాదతోనే ముగుస్తుందనీ, అందులో ముందుగా చెయ్యి చేసుకోవడమన్నది లేదనీ బోధించారు.

ఈ మాటలు గోడ మీద రాయించినంత మాత్రాన పిల్లలకు ఒంటబట్టవు. ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి చేయించే సాధనలో, ముఖం మీదికి దూసుకెళ్లిన పిడికిలిని వేలెడు దూరంలో ఆపాలి. పొరపాటున తగిలితే అక్కడే ఆగి, వంగి నమస్కరించి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. దెబ్బ తిన్న ఉక్రోషంలో కూడా చెయ్యి అలా ఆగాలంటే నెలల తరబడి అదే పని చేయవలసిందే. మూడు నెలల్లో నాలుగు దెబ్బలూ, పట్టు విడిపించుకునే రెండు మూడు పద్ధతులూ నేర్పవచ్చు గానీ, పిల్లల్లో ఎవరికి కోపం ఎక్కువో, ఎవరు జంకుతారో గురువు గ్రహించేలోపే గడువు తీరిపోతుంది. ప్రైవేటు కేంద్రాల్లోనూ, ఎంత త్వరగా బెల్టు రంగు మారుతుందన్నదే తల్లిదండ్రుల తొలి ప్రశ్న కావడం విచారకరం.

ఇక మగపిల్లల సంగతి. ఆడపిల్లలకు తప్పించుకోవడం నేర్పి, మగపిల్లలకు చెయ్యి అదుపులో పెట్టుకోవడం నేర్పకుండా వదిలేస్తే, భద్రత బరువంతా ఆడపిల్లల మీదే మోపినట్టవుతుంది. నిగ్రహం నేర్పే విద్య అవసరం మగపిల్లలకే ఎక్కువని నా దృఢమైన అభిప్రాయం.

కాబట్టి ఈ శిక్షణను బాలబాలికలందరికీ ఏడాది పొడవునా, వారానికి కనీసం రెండు పీరియడ్ల చొప్పున టైమ్‌టేబుల్‌లోనే చేర్చాలి. ఒకే గురువు ఏళ్ల తరబడి అదే బడిలో కొనసాగేలా, ముఖ్యంగా మహిళా శిక్షకులకు నెలనెలా జీతం ఇచ్చి నియమించాలి. వచ్చే విద్యా సంవత్సరపు ప్రణాళిక ఖరారయ్యేలోపే ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు దీనిపై నిర్ణయం తీసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
విజయనగరం