డిసెంబరు వార్తాలేఖ: టెలిస్కోపు కొనేముందు ఒక్క మాట

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు వెనక పేజీలో ఉన్నాయి. ఈ ఉత్తరం ఆకాశం గురించి.

తుపాన్ల రోజులు పోయి మన పర్లాకిమిడి ఆకాశం తేటపడింది. పిల్లలు టెలిస్కోపు కావాలని మారాం చేస్తున్నారని మీలో కొందరు చెప్పారు. వినడానికే ఎంతో సంతోషంగా ఉంది. కానీ పెట్టె మీద '500 రెట్లు' అని రాసిన చవక టెలిస్కోపు మాత్రం దయచేసి కొనకండి. 60 మిల్లీమీటర్ల కటకంతో సుమారు 120 రెట్లు దాటితే బొమ్మ మసకబారడమే తప్ప కొత్తగా ఏమీ కనబడదు. పైగా ఆ సన్నటి స్టాండు గాలికే ఊగుతుంది. రెండు రాత్రులు చూసి పిల్లలు విసుగెత్తి దాన్ని అటక మీద పడేస్తారు.

ఆ డబ్బుతో మంచి బైనాక్యులర్ కొనండి. 7×50 గానీ 10×50 గానీ చాలు. మొదటి అంకె ఎన్ని రెట్లో చెబుతుంది, రెండోది ముందు కటకం వెడల్పు, మిల్లీమీటర్లలో. పిల్లల కళ్ల మధ్య దూరం తక్కువ కాబట్టి ముందు రెండు గొట్టాలనూ దగ్గరికి మడవండి. కుడికన్ను మూసి, ఎడమకంటితో నక్షత్రాన్ని చూస్తూ మధ్య చక్రం తిప్పాలి. తర్వాత ఎడమకన్ను మూసి కుడివైపు కంటిగొట్టాన్ని మాత్రం తిప్పాలి. నక్షత్రం సూదిమొనలా కనిపించినప్పుడు ఆపేయాలి. మోచేతులు పిట్టగోడకు ఆనించాలి, లేదా నులకమంచం మీద వెల్లకిలా పడుకోవాలి. వీధి దీపం కంటబడకూడదు, ఫోను అసలు తియ్యకూడదు. చీకటికి కళ్లు అలవాటుపడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది.

ముందుగా కృత్తికలు చూపించండి. ఈ నెల మధ్యలో రాత్రి పది ప్రాంతంలో దాదాపు నడినెత్తికి వస్తాయి. వట్టి కంటికి ఆరేడు చుక్కలు, బైనాక్యులర్‌లో పదుల కొద్దీ. పక్కనే నారింజ రంగులో రోహిణి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం కదా, అప్పుడు సూర్యుడు ఆ నక్షత్రం వైపే ఉంటాడు కాబట్టి అది మనకు కనిపించదు. ఆరు నెలలు తిరిగేసరికి ఇప్పుడు దాదాపు రాత్రంతా కనిపిస్తుంది. కళ్లం కాపలాలో రాత్రిళ్లు గడిపిన తాతలు ఇంట ఉంటే, వాళ్లనూ డాబా మీదికి తీసుకెళ్లండి. పిల్లలకు మా కంటే వాళ్లే బాగా చెప్పగలరు.

చంద్రుణ్ణి పున్నమినాడు కాకుండా అష్టమి ప్రాంతంలో చూడండి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర గుంటల నీడలు పొడుగ్గా పడి స్పష్టంగా తెలుస్తాయి.

మన ఒడిశాలో, ఖండపడాలో, 1835లో పుట్టిన పఠాణి సామంత టెలిస్కోపు లేకుండానే, వెదురుతో చేసుకున్న పరికరాలతో గ్రహాల నడక లెక్కగట్టారు. అలాంటి వెదురు కొలబద్దను ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించాలని నాకు గట్టి కోరిక.

ఒక్కటి మాత్రం మరవకండి. పగలు బైనాక్యులర్ పిల్లల చేతికి ఇవ్వొద్దు. దాంతో సూర్యుణ్ణి ఒక్క క్షణం చూసినా చూపు పోతుంది.

డిసెంబరు 13 రాత్రి ఎనిమిది నుంచి పదిన్నర దాకా బడి డాబా మీద జెమినిడ్ ఉల్కలు చూద్దాం. ఫేథాన్ అనే గ్రహశకలం వదిలిన ధూళి మన గాలిలో మండటమే ఇవి. ఏ పరికరమూ అక్కర్లేదు. ప్రతి బిడ్డ వెంట ఇంటి పెద్ద ఒకరు రావాలి. చాప, దుప్పటి, మంకీ టోపీ తెచ్చుకోండి. టార్చికి ఎర్ర కాగితం చుట్టి తెండి. వచ్చేవాళ్లు 10వ తేదీలోగా క్లాసు టీచరుకు పేరు ఇవ్వండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు