కోడిపిల్లలు, కాంక్రీటు, నా హెచ్-ఇండెక్స్

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి పదిరోజులు దాటింది. ఈపాటికి తిట్టుకుంటూ ఉంటావు. ప్రమోషన్ ఫారంతో కుస్తీ పడుతున్నాను, అదీ సంగతి. "ఇన్నేళ్లు ల్యాబులో కూర్చుని ఏం సాధించావురా, ఒక్క ముక్కలో చెప్పు" అని సరదాగా అడిగావు చూడు, ఈ ఫారం కూడా అదే అడుగుతోంది. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఎంత?

ఆ హెచ్-ఇండెక్స్ ఏంటంటావు కదా. 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ కనిపెట్టిన లెక్క అది. నీకు ఐదు పేపర్లున్నాయనుకో. మిగతావాళ్లు తమ పేపర్లలో వాటిని 40, 12, 6, 3, 1 సార్లు ప్రస్తావించారు. ఆ ప్రస్తావనలనే సైటేషన్లంటారు. పైనుంచి లెక్కపెట్టుకుంటూ రా. మూడోదానికి కనీసం మూడు కావాలి, ఆరున్నాయి, సరే. నాలుగోదానికి నాలుగు కావాలి, మూడే ఉన్నాయి. అక్కడితో ఆట అయిపోయింది, నీ హెచ్-ఇండెక్స్ 3. ఆ 40 కాస్తా 4,000 అయినా నీకు 3 మాత్రమే. ఒక్క గొప్ప పని చేసి ఊరుకున్నవాడికి ఇందులో చోటు లేదు.

నాది 14 అని చూపించింది. కాసేపు మురిసిపోయాను, అబద్ధమెందుకు. తీరా జాబితా కిందికి వెళ్తే కాంక్రీటులో పగుళ్ల మీద మూడు పేపర్లు! నా ఇంటిపేరు, నా పొడి అక్షరమే ఉన్న మరో పెద్దమనిషివి. ఇలాంటి గందరగోళం రాకూడదనే పరిశోధకులకి ఆర్కిడ్ అని 16 అంకెల నంబరు ఇస్తారు. నేను తీసుకున్నాను గానీ వాడితేగా. ఆ మూడూ తీసేస్తే 12కి పడిపోయాను. ఒక్క సాయంత్రంలో రెండేళ్ల కష్టం పోయినట్టు అనిపించింది, అది నా కష్టం కాకపోయినా.

ఇంకో తమాషా. నాకు అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లు తెచ్చింది ఓ రివ్యూ వ్యాసం, అంటే ఇతరులు చేసిన పనులన్నీ ఒకచోట చేర్చి రాసేది. పిపెట్ ముట్టుకోకుండా, కుర్చీలో కూర్చుని రాసింది. మూడు నెలలు రాత్రిళ్లు ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం ముందు కణాలు లెక్కపెట్టిన పేపర్లో నా పేరు పదకొండు మందిలో ఏడోది. మా రంగంలో మొదటి పేరు పని చేసినవాడిది, చివరి పేరు ల్యాబు అధిపతిది. మధ్యలో వాళ్లని ఎవరూ చూడరు.

నాకిష్టమైన కథ ఒకటి చెప్పనా? కోళ్లలో వెనకభాగాన బర్సా అని చిన్న సంచి ఉంటుంది. అది ఎందుకుందో ఎవరికీ తెలీదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ అనే విద్యార్థి, కోడిపిల్లల్లో దాన్ని తీసేసి ఏమవుతుందా అని చూస్తున్నాడు. తోటి విద్యార్థి తిమోతీ చాంగ్‌కి క్లాసులో యాంటీబాడీలు, అంటే ఒంట్లో రోగాలతో పోరాడే ప్రోటీన్లు, ఎలా తయారవుతాయో చూపించడానికి కోళ్లు కావాల్సొచ్చి గ్లిక్ దగ్గరున్నవి తీసుకెళ్లాడు. ఇంజెక్షన్ ఇస్తే చాలా కోళ్లలో యాంటీబాడీలే రాలేదు. క్లాసు ముందు పరువు పోయింది! ఎందుకా అని ఆరా తీస్తే, అవన్నీ బర్సా తీసేసిన కోళ్లు.

ఇద్దరూ దాన్ని 'సైన్స్' పత్రికకి పంపారు. వద్దన్నారు. చివరికి 1956లో 'పౌల్ట్రీ సైన్స్'లో వచ్చింది. రోగనిరోధక శక్తిని చదివే ఇమ్యునాలజీ వాళ్లు కోళ్ల పత్రిక చదువుతారా చెప్పు? చాలాకాలం దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. ఇవాళ వైద్య విద్యార్థులంతా వల్లెవేసే, యాంటీబాడీలు తయారుచేసే 'బి కణాలు' ఉన్నాయే, అందులో 'బి' ఆ బర్సాదే. అప్పట్లో వాళ్లకి ఈ ఫారం ఇచ్చి ఉంటే, 'పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్' (ఆ పత్రిక పేపర్లకి సగటున ఎన్ని సైటేషన్లొస్తాయో చెప్పే అంకె) అన్న గడిలో ఏం రాసేవాళ్లో.

కోవిడ్ టీకాలకి దారి వేసిన శాస్త్రవేత్త కాటలిన్ కారికో సంగతీ అంతే. వైస్‌మన్‌తో కలిసి ఎంఆర్‌ఎన్‌ఏ మీద రాసిన పేపరు 2005లో వచ్చింది, నోబెల్ 2023లో. మా కమిటీ మాత్రం 'గత ఐదేళ్ల' సైటేషన్లు అడుగుతుంది.

అలాగని నేను గ్లిక్‌నని కాదురోయ్! నావాటిలో చాలా పేపర్లు ఎవరూ చదవకపోవడానికి న్యాయమైన కారణాలే ఉన్నాయి.

'మీ అత్యుత్తమ కృషి' అన్న గడి దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాను. చివరికి తొమ్మిదంటే తొమ్మిది సైటేషన్లున్న పేపరు రాశాను. కణాలని గుర్తుపట్టడానికి మేమంతా ల్యాబులో వాడే ఒక యాంటీబాడీ చచ్చిన కణాలకి కూడా అంటుకుని తప్పుడు ఫలితం చూపిస్తోంది, జాగ్రత్త అని చెప్పడమే అందులో ఉన్నది. ముఖపరిచయం లేని ఓ పీహెచ్‌డీ అమ్మాయి, "ఆర్నెల్లుగా నా ప్రయోగమే తప్పనుకుని ఏడుస్తున్నాను సార్" అని మెయిల్ పెట్టింది. ఆ పేపరుని తన థీసిస్‌లో ప్రస్తావించిందో లేదో కూడా చూడలేదు.

శుక్రవారం గడువు. నువ్వు ఎటూ సివిల్ ఇంజనీరువే కదా, ఆ కాంక్రీటాయన పేపరొకటి దీంతో జత చేస్తున్నాను. చదివి, ఆయన పని బావుందో లేదో చెప్పు. నా పేరు మీద కొన్నాళ్లు తిరిగింది మరి.

నీ పాత బెంచీమేటు