'పెద్దదిక్కు' అనే మాటను మాకందించిన వారికి కృతజ్ఞతలు

మా ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల వార్డులో పాతికేళ్లకు పైగా సేవ చేసిన ముగ్గురు నర్సులను మే 12న, అంతర్జాతీయ నర్సుల దినోత్సవం నాడు సత్కరించాలని అనుకున్నప్పుడు, వారి అనుభవానికి తగిన గౌరవమైన పిలుపు ఒకటి సూచించమని మిమ్మల్నందరినీ కోరాను. ఓపికగా ఆలోచించి రాసి పంపిన ప్రతి ఒక్కరికీ మా వార్డు సిబ్బంది తరఫున కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

హోదాలకు పేర్లు లేక కాదు. తెలంగాణలో 2023లో స్టాఫ్ నర్సులు నర్సింగ్ ఆఫీసర్లుగా, హెడ్ నర్సులు సీనియర్ నర్సింగ్ ఆఫీసర్లుగా మారారు. ఆ గౌరవం మాకు దక్కవలసిందే. అయితే అది కొలువు పేరు. ఇక క్రైస్తవ సన్యాసినులు రోగులకు సేవ చేసిన కాలం నుంచి వస్తున్న 'సిస్టర్' అనే పిలుపు, నిన్న చేరిన అమ్మాయికీ ముప్పై ఏళ్లుగా రాత్రి డ్యూటీలు చేసిన ఆమెకూ ఒకటే.

నేను కొత్తగా చేరిన రోజుల్లో, వాంతులూ విరేచనాలతో వడలిపోయిన ఏడు నెలల బిడ్డకు రెండుసార్లు సూది గుచ్చినా నాకు నరం దొరకలేదు. సీనియర్ సిస్టర్ గారు వచ్చి, నన్ను ఒక్క మాటా అనకుండా, బిడ్డ పాదాన్ని తన అరచేతుల మధ్య కాసేపు వెచ్చగా పట్టుకొని, చీలమండ దగ్గర వేలికొనతో తడిమి, నరంలో ఉంచే సన్నని గొట్టమైన పసుపురంగు 24 గేజ్ కాన్యులాను మొదటిసారికే ఎక్కించారు. ఆ చేతికి తగిన మాట కోసమే నేను మిమ్మల్ని అడిగాను.

చాలామంది 'దేవత' అన్నారు. మీ అభిమానానికి నమస్కారం; కానీ ఏళ్ల తరబడి కష్టపడి నేర్చుకున్న విద్యను ఆ మాట కప్పేస్తుందని నాకు అనిపించింది. 'సిస్టరమ్మ'లో ఎంతో ఆప్యాయత ఉంది, కానీ ఆ ముగ్గురిలో ఒకరు మేము బ్రదర్ అని పిలుచుకునే పురుషుడు. 'పెద్దమ్మ' వారి పనికన్నా వయసునే ముందుగా గుర్తుచేస్తుంది.

చివరికి, మనవడికి నిమోనియా వచ్చినప్పుడు పది రోజులు మా వార్డులో ఉండి వెళ్లిన ఒక నాయనమ్మ, మనవరాలి చేత ఫోనులో ఇలా రాయించి పంపారు: "డాక్టరు గారు వచ్చి చూసి పోతారు. రాత్రంతా మాకు ఆ సిస్టరమ్మే పెద్దదిక్కు." స్త్రీ పురుషులిద్దరికీ నప్పుతూ, ఆపదలో ఎవరి వైపు చూస్తామో చెప్పే ఆ మాటను చదవగానే మా వెతుకులాట ముగిసింది. జ్ఞాపికలపై చెక్కించే ముందు, రెండు పదాలుగా విడదీయకుండా 'పెద్దదిక్కు' అని కలిపి రాయించమని సలహా ఇచ్చిన విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుల వారికి ప్రత్యేక ధన్యవాదాలు.

సత్కారం రోజున సీనియర్ సిస్టర్ గారు ఆ మాటను రెండుసార్లు చదువుకొని, జ్ఞాపికను సంచిలో పెట్టుకున్నారు. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "ఆరో మంచం పాప పొద్దుటి నుంచి మూత్రం పోసిందో లేదో వాళ్లమ్మను అడిగి రాసిపెట్టమ్మా" అని నాతో చెప్పి వెళ్లారు.